షేక్ నాజర్

షేక్ నాజర్ (1920 - 1997) తెలుగునాట ప్రసిద్ధి చెందిన బుర్రకథ కళాకారుడు, కథా రచయిత, ప్రజా గాయకుడు. బుర్రకథ పితామహుడుగా పేరు పొందాడు. పల్లెలలో భిక్షాటనతో ముడిపడి ఉన్న కథాగానాన్ని వేలాది మంది కూర్చుని వినే ప్రదర్శన కళగా తీర్చిదిద్దిన వారిలో ఈయన ముఖ్యుడు. ఒకప్పుడు ప్రభుత్వాలు నిషేధించిన ఈ కళకు గాను 1986లో భారత ప్రభుత్వం ఈయనకు పద్మశ్రీ పురస్కారాన్ని ప్రదానం చేసింది.

బాల్యం, సంగీతాభ్యాసం

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో నిరుపేద దూదేకుల కుటుంబంలో జన్మించాడు. దూది ఏకడం వీరి కులవృత్తి. వీరినే పింజారులు అని కూడా అంటారు. మతం ఇస్లాం అయినా ఈ కుటుంబాలలో చాలావాటికి తెలుగే ఇంటి భాష. నాజర్ కూడా చిన్నతనం నుండి తెలుగు పాటలు, పద్యాలు, పురాణ కథల మధ్యనే పెరిగాడు.

బాల్యంలోనే నాటకాలలో చేరి స్త్రీ పాత్రలు ధరించాడు. హార్మోనియం నేర్చుకున్నాడు. నరసరావుపేటలో కర్ణాటక సంగీతం అభ్యసించాడు. పేదరికం వలన ఆ చదువు ఎక్కువ కాలం సాగలేదు. పొట్టకూటి కోసం దర్జీ పని చేశాడు, పిల్లలకు సంగీతం నేర్పాడు. నాటకాలలో అలవడిన అభినయం, గురువుల వద్ద నేర్చిన రాగజ్ఞానం తరువాతి కాలంలో ఈయన బుర్రకథకు రెండు ఆధారాలయ్యాయి.

బుర్రకథ స్వరూపం

బుర్రకథకు జంగం కథ, తందాన కథ వంటివి పూర్వరూపాలు. కథకుడు భుజాన ఉంచుకునే తంబురకు సొరకాయ బుర్ర ఉండడం వలన ఈ పేరు వచ్చిందని చెబుతారు. ప్రదర్శనలో ముగ్గురు ఉంటారు. మధ్యలో కథకుడు తంబుర మీటుతూ, చేతి అందెలు మ్రోగిస్తూ, కాలి గజ్జెలతో అడుగులు వేస్తూ కథ నడిపిస్తాడు. ఇరుపక్కల ఇద్దరు వంతలు డక్కీలు లేదా గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. వీరిలో ఒకరు హాస్యం చెబుతారు. మరొకరు కథలోని విషయాన్ని నేటి రాజకీయ, సాంఘిక పరిస్థితులకు అన్వయించి వ్యాఖ్యానిస్తారు. కథాగానంలో రగడ ఛందస్సుకు ప్రాధాన్యం ఎక్కువ.

ఈ రెండవ వంత వలననే బుర్రకథకు రాజకీయ ప్రాముఖ్యత ఏర్పడింది. కథ ఎన్ని వందల ఏళ్ళ నాటిదైనా వంత మాట మాత్రం ఈనాటి పన్ను గురించో, కరువు గురించో, భూస్వామి గురించో ఉండవచ్చు. అక్షరజ్ఞానం లేని శ్రోతకు కూడా అది సులభంగా అర్థమవుతుంది. పెద్ద రంగస్థలం, తెరలు, ఎక్కువమంది నటులు అవసరం లేదు కాబట్టి ఏ ఊరిలోనైనా ప్రదర్శించవచ్చు.

ప్రజానాట్యమండలిలో

1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలో ఆ ఉద్యమానికి ప్రజానాట్యమండలి వేదిక అయింది. డాక్టర్ గరికపాటి రాజారావు దీనికి ప్రధాన సారథి. కమ్యూనిస్టు కార్యకర్తల ప్రోత్సాహంతో నాజర్ ఈ ఉద్యమంలోకి వచ్చి బుర్రకథ దళాన్ని నడిపాడు. అదే కాలంలో సుంకర సత్యనారాయణ కష్టజీవి వంటి బుర్రకథలు రచించాడు.

నాజర్ తన కథలను చాలావరకు తానే రాసుకున్నాడు. 1943 నాటి బెంగాల్ కరువు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఈయనకు విశేషమైన పేరు తెచ్చాయి. కథ చెబుతూనే ఆయా పాత్రలుగా మారిపోయి నటించడం ఈయన ప్రత్యేకత. నాగమ్మ మాటలకు ఒక గొంతు, బ్రహ్మనాయుడి మాటలకు మరొక గొంతు, తాండ్ర పాపారాయుని ఆవేశానికి ఇంకొక నడక ఉండేవి. పాట, మాట, అడుగు, అభినయం ఒకే మనిషిలో కలిసి ఉండటం వలన బుర్రకథ నాటకానికి దీటుగా నిలిచింది.

నిషేధం

ప్రజలను రాజకీయంగా చైతన్యపరుస్తున్నందున బుర్రకథ పాలకుల ఆగ్రహానికి గురైంది. మద్రాసు ప్రభుత్వం, హైదరాబాదు సంస్థానంలో నిజాం ప్రభుత్వం వీటి ప్రదర్శనలపై నిషేధం విధించాయి. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతున్న ఆ రోజులలో ప్రజానాట్యమండలి దళాలు చాలావరకు చెదిరిపోయాయి. ప్రదర్శనే జీవనాధారమైన కళాకారులకు నిషేధం అంటే మాట పోవడమే కాక కూడు పోవడం కూడా.

సినిమాలలో

1953లో గరికపాటి రాజారావు నిర్మించిన పుట్టిల్లు చిత్రంతో నాజర్ బుర్రకథ వెండితెరకు ఎక్కింది. నటి జమునకు కూడా అదే మొదటి చిత్రం. 1954లో విడుదలైన అగ్గిరాముడు చిత్రంలో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ప్రజాదరణ పొందింది. దళం చేరుకోలేని ఊళ్ళకు కూడా బుర్రకథను సినిమా చేర్చింది. అయినప్పటికీ నాజర్ ప్రధానంగా వేదిక మీది కళాకారుడుగానే మిగిలాడు.

పద్మశ్రీ

సంగీత నాటక అకాడమీ 1953లో పని ప్రారంభించింది. పద్మ పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. సంగీతంలో తొలి దశాబ్దాల జాతీయ గౌరవాలు ప్రధానంగా శాస్త్రీయ సంగీత విద్వాంసులకే దక్కాయి. తెలుగువారిలో వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడుకు 1957లో, సినీ గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావుకు 1970లో పద్మశ్రీ లభించింది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు. అప్పటికి ఈయన బుర్రకథతో ప్రజల ముందుకు వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది.

ప్రజల నోట పుట్టిన సంగీతానికి అధికారిక గుర్తింపు ఆలస్యంగా రావడం ఒక్క మన దేశంలోనే జరగలేదు. జమైకా దేశపు పేదవాడల నుండి వచ్చిన రెగె సంగీతం ఇందుకు మంచి ఉదాహరణ. అది కూడా అణచివేతను ప్రశ్నించిన సంగీతమే. దానిని ప్రపంచానికి పరిచయం చేసిన బాబ్ మార్లేకు జమైకా ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ మెరిట్ ప్రకటించింది 1981 ఏప్రిల్‌లో. మరుసటి నెలలోనే అతడు మరణించాడు. అమెరికా గ్రామీ పురస్కారాలలో రెగెకు ప్రత్యేక విభాగం 1985లో గాని ఏర్పడలేదు. ఆ విభాగంలో మొదటి పురస్కారం బ్లాక్ ఉహురు బృందానికి దక్కింది. మార్లేకు గ్రామీ జీవిత సాఫల్య పురస్కారం మరణానంతరం 2001లో ఇచ్చారు. నాజర్ మాత్రం తన గౌరవాన్ని జీవించి ఉండగానే అందుకోగలిగాడు.

ఆత్మకథ, మరణం

నాజర్ చెప్పిన జీవిత విశేషాలను అంగడాల వెంకటరమణమూర్తి పింజారి అనే పేరుతో గ్రంథస్థం చేశాడు. తెలుగులో తిట్టుగా వాడే కులం పేరునే పుస్తకానికి శీర్షికగా పెట్టుకోవడం గమనించదగినది. పేద ముస్లిం కుటుంబం నుండి వచ్చిన ఒక కళాకారుని ఆకలి, అవమానం, సాధన ఇందులో కనిపిస్తాయి. గ్రామీణ కళాచరిత్ర చదివేవారికి ఇది ఉపయోగపడే పుస్తకం.

నాజర్ 1997 ఫిబ్రవరిలో మరణించాడు.

తరువాతి కాలం

బుర్రకథను తరువాత ప్రభుత్వాలే కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఆరోగ్యం వంటి కార్యక్రమాల ప్రచారానికి వాడుకున్నాయి. ఒకప్పుడు నిషేధించిన కళనే ప్రచార సాధనంగా స్వీకరించడం దాని శక్తికి నిదర్శనం. అయితే సినిమా, టెలివిజన్ వ్యాప్తితో పల్లెలలో రాత్రంతా కథ చెప్పించే అలవాటు తగ్గిపోయింది. హైదరాబాదులో హైటెక్ సిటీ పక్కనే మాదాపూర్‌లో ఉన్న శిల్పారామం వంటి చోట్ల జానపద కళల ప్రదర్శనలు ఏర్పాటు చేస్తున్నారు. కాని ఒక సాయంత్రపు ప్రదర్శన, ఊరు ఊరంతా కూర్చుని తన కథగా విన్న ప్రదర్శనకు సమానం కాదు.

జానపద కళాకారులకు పద్మశ్రీ ఇవ్వడం ఇటీవల పెరిగింది. తెలంగాణ నుండి గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజు 2021లో, కిన్నెర వాద్యకారుడు దర్శనం మొగిలయ్య, డోలు వాద్యకారుడు సకిని రామచంద్రయ్య 2022లో, బుర్రవీణ వాద్యకారుడు దాసరి కొండప్ప, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య 2024లో ఈ పురస్కారం పొందారు. నాజర్‌కు లభించిన గౌరవం వీరందరికంటే మూడు దశాబ్దాలకు పైగా ముందుది. పురస్కారం కళాకారుని పేరును నిలుపుతుంది. కళ నిలవాలంటే మాత్రం దానిని నేర్చుకునేవారు, కూర్చుని వినేవారు ఉండాలి.