గాజు గుట్టు తెలుసుకున్న రామన్

వంటింట్లో గాజుగ్లాసు జారి పగిలినప్పుడల్లా నాకు సి.వి. రామన్ గుర్తొస్తారు. నవ్వకండి, కారణముంది.

గాజు పగులుతుందే తప్ప సొట్టపడదనుకుంటాం. కానీ వజ్రపు మొనతో నొక్కితే కంటికి ఆనని సొట్ట పడుతుంది. లోపలి పరమాణువులు దగ్గరకి జరిగి, వాటి కదలికలు మారిపోతాయి. అక్కడ లేజర్ కాంతి వేసి, చెదిరి వచ్చే వెలుగులో రంగు ఎంత మారిందో కొలిస్తే, లోపల ఏం జరిగిందో తెలుస్తుంది. గాజుని కోయక్కర్లేదు, పగలగొట్టక్కర్లేదు. ఈ పరీక్షకి ఆయన పేరే పెట్టారు, రామన్ స్పెక్ట్రోస్కోపీ అని.

1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా ఆయన చిన్నతనం గడిచింది మన విశాఖపట్నంలోనే. తండ్రి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. 1907లో వీణ వాయించే లోకసుందరిని తానే మెచ్చి పెళ్లాడి, కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగంలో చేరారు. ఆఫీసుకి ముందూ ప్రయోగాలే, తర్వాతా ప్రయోగాలే! ఇల్లెలా నడిచిందో ఆవిడకే తెలియాలి. 1917లో ఆ ఉద్యోగమూ మానేసి, తక్కువ జీతానికి ప్రొఫెసరయ్యారు.

1921లో ఓడ ప్రయాణంలో సముద్రపు నీలిరంగు ఆయన్ని పట్టుకుంది. అది ఆకాశం నీడ కాదు, నీరే వెలుగుని చెదరగొడుతోందని తేల్చారు. 1927లో గాజు కూడా అలాగే చేస్తుందని రాశారు. 1928 ఫిబ్రవరి 28న, శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ తోడుగా, చెదిరిన వెలుగులో కొంత రంగు మార్చుకుని వస్తోందని చూశారు. 1930లో నోబెల్ వచ్చింది.

ఇంతవరకూ పిల్లల పాఠాల్లో ఉన్నదే. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 1933లో కమలా భాగవత్ అనే అమ్మాయి బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటడిగితే, ఆడపిల్లవని కాదన్నది డైరెక్టరుగా ఉన్న ఈ రామన్ గారే. ఆ పిల్ల పట్టు వదల్లేదు. ఏడాది చూసి చెబుతానని షరతు పెట్టి చేర్చుకున్నారు. ఆమె పని చూశాక మనసు మార్చుకుని మిగతా అమ్మాయిలకీ తలుపు తీశారు. కమల 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తెచ్చుకున్నారు.

అలా రామన్ ల్యాబుకొచ్చిన అన్నా మణి వజ్రాలూ కెంపుల వెలుగు మీద పనిచేశారు. ఒక్కో ఫొటో ప్లేటుకి పదిహేను, ఇరవై గంటలు. రాత్రిళ్లు ల్యాబులోనే నిద్ర. 1945లో థీసిస్ ఇస్తే, ఎమ్మెస్సీ లేదని యూనివర్సిటీ డాక్టరేట్ ఇవ్వలేదు. రామన్ 1970 నవంబరు 21న కన్నుమూశారు. అన్నా మణి థీసిస్ మాత్రం ఆయన కట్టించిన రామన్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలోనే ఉండిపోయింది.