తల్లి బికర్‌డైక్: నలుబది నాలుగవ యేట మొదలైన పరిచర్య

మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు చెప్పుచుందురు. పిల్లల పెంపకమును గూర్చి ఈ సామెత నిజమే కావచ్చును. కాని నడివయస్సులో క్రొత్త పనికి పూనుకొనువారిని వెనుకకు లాగుటకు కూడ ఇదే సామెతను వాడుట మేము అనేక పర్యాయములు వినియున్నాము. భర్తను పోగొట్టుకొని, పిల్లలను పెంచుకొనుచు, నలుబది దాటిన పిమ్మట నర్సు పనిలో ప్రవేశించిన ఒక స్త్రీ జీవితమును ఈ వ్యాసములో మా పాఠకుల యెదుట ఉంచుచున్నాము. ఆమె పేరు మేరీ యాన్ బికర్‌డైక్. అమెరికా అంతర్యుద్ధములో పోరాడిన సైనికులు ఆమెను తల్లి బికర్‌డైక్ అని పిలిచెడివారు.

మేరీ యాన్ 1817 జూలై 19వ తేదీన ఒహాయో రాష్ట్రములోని నాక్స్ కౌంటీలో జన్మించెను. పసితనముననే తల్లి చనిపోగా బంధువుల యిండ్లలో పెరిగెను. 1847లో రాబర్ట్ బికర్‌డైక్ అనునాయనను వివాహమాడెను. 1856లో ఆ కుటుంబము ఇల్లినాయి రాష్ట్రములోని గేల్స్‌బర్గ్ పట్టణమునకు చేరెను. మూడేండ్లు గడచునంతలో, 1859లో, భర్త మరణించెను. ఇద్దరు కుమారుల పోషణ భారము ఆమెపై పడెను. ఆకులతోను వేళ్లతోను మందులు చేయుట ఆమెకు తెలియును. ఆ వైద్యముతోనే ఊరిలోని రోగులను చూచుచు ఇల్లు నడుపుకొనెను. ఆమె ఏ నర్సింగు పాఠశాలలోను చదువలేదు. ఆ మాటకు వచ్చిన, నైటింగేల్ పద్ధతిలో నర్సులకు శిక్షణనిచ్చు పాఠశాలలు అమెరికాలో 1873 వరకు ఏర్పడనే లేదు.

1861 ఏప్రిల్ మాసములో ఉత్తర, దక్షిణ రాష్ట్రముల మధ్య యుద్ధము మొదలాయెను. బానిసత్వమే ఆ వైరమునకు మూలము. ఆ దినములలో ఒక ఆదివారమున గేల్స్‌బర్గ్ దేవాలయములో పాస్టరు ఎడ్వర్డ్ బీచర్ గారు సంఘము యెదుట ఒక ఉత్తరము చదివిరి. దానిని వ్రాసినది ఆ ఊరి వైద్యుడే, డాక్టర్ బెంజమిన్ ఉడ్‌వర్డ్ గారు. ఆయన సైన్యముతో కూడ ఇల్లినాయి దక్షిణపు కొనలో, మిసిసిపి, ఒహాయో నదులు కలియుచోట ఉన్న కైరో అను పట్టణములో ఉండిరి. ఊరినుండి వెళ్లిన యువకులు ఇంకను యుద్ధము చూడకమునుపే టైఫాయిడు, రక్తవిరేచనములచే మురికి గుడారములలో పడియున్నారనియు, వారిని చూచువారు లేరనియు ఆ లేఖ సారాంశము.

సంఘస్థులు 500 డాలర్ల విలువగల సామగ్రి ప్రోగుచేసిరి. దానిని వెంట తీసికొనిపోవు పని మేరీ యాన్‌కు అప్పగించిరి. పిల్లలను ఇరుగుపొరుగువారికి అప్పగించి ఆమె బయలుదేరెను. జూన్ 9వ తేదీన కైరో చేరెను. అప్పుడామెకు 44వ యేడు నడుచుచుండెను. సామానులు ఇచ్చి తిరిగిరావలసిన ప్రయాణము నాలుగేండ్ల పరిచర్యగా మారెను.

కైరోలో ఆమె మొదట చేసినది వైద్యము కాదు, ఇంటి పని. పీపాలను రెండుగా కోయించి స్నానపు తొట్లు చేయించెను. రోగులకు స్నానము చేయించి, మురికి గడ్డిని తీసివేసి, శుభ్రమైన బట్టలు తొడిగించి, వేడి ఆహారము వండి పెట్టెను. సూక్ష్మక్రిములే ఇట్టి వ్యాధులకు కారణమని వైద్యులకే ఇంకను తెలియని కాలమది. ఆ యుద్ధములో చనిపోయిన సైనికులలో దాదాపు మూడింట రెండు వంతులు గుండు దెబ్బలచేత గాక వ్యాధులచేత చనిపోయిరి. కనుక సబ్బు, వేడినీరు, గంజి పట్టుకొని వచ్చిన ఒక గృహిణి ఎంత అవసరమో మనము గ్రహింపవచ్చును.

1862 ఫిబ్రవరిలో డొనెల్సన్ కోట వద్ద యుద్ధము ముగిసిన రాత్రి, చలిలో, ఒక లాంతరు పట్టుకొని శవముల మధ్య తిరుగుచు, ప్రాణముతో ఉన్నవాడెవడైన మిగిలిపోయెనేమోయని ఆమె వెదకెను. మెంఫిస్ ఆసుపత్రులలో పాలు, గ్రుడ్లు చాలనప్పుడు ఇల్లినాయి రైతుల యొద్దకు వెళ్లి సుమారు 100 ఆవులను, 1000 కోళ్లను అడిగి తెచ్చెను. 1863 చివర చట్టనూగా వద్ద గడ్డకట్టు చలిలో గాయపడినవారు వణకుచుండగా, సైన్యము కట్టిన అడ్డుగోడ దుంగలనే తీయించి మంటలు వేయించెను. మొత్తము 19 యుద్ధములలో ఆమె సేవ జరిగినది.

ఇదంతయు సులువుగా జరుగలేదు. సైన్యములో ఆమెకు హోదా లేదు. ఈమె ఎవరి అధికారముతో ఆజ్ఞలిచ్చుచున్నదని కొందరు వైద్యులు కోపగించిరి. తనకు అధికారము దేవునియొద్దనుండి కలిగినదని, అంతకంటె పై అధికారి ఎవరైన ఉన్నారా అని ఆమె అడిగినట్లు చెప్పుదురు. త్రాగి, ఆలస్యముగా వచ్చి, రోగులను ఆకలితో ఉంచిన ఒక వైద్యుని ఆమె ఉద్యోగమునుండి తీసివేయించెను. అతడు జనరల్ షెర్మన్‌తో మొరపెట్టుకొనగా, ఆమె తనకంటె పై హోదా గలదని, తానేమియు చేయలేనని ఆయన చెప్పెనట. ఆమె మాట కటువు. ఆమెతో పని చేయుట అందరికిని సుఖముగా ఉండలేదు. పైగా తల్లి వేలమంది కుమారులకు తల్లియై తిరుగుచుండగా, సొంత కుమారులిద్దరు పరుల యిండ్లలో పెరిగిరి. ఈ వెల మనము మరువరాదు.

వయస్సు సంగతి మరియొకటి చెప్పవలెను. సైనిక నర్సులపై అధికారిణిగా నియమింపబడిన డొరొథియా డిక్స్ గారికి 1861లో 59 ఏండ్లు. నర్సులుగా చేరువారు 35 మొదలు 50 ఏండ్ల లోపువారై, ఇల్లు నడిపిన అనుభవము గల స్త్రీలై యుండవలెనని 1862లో ఆమె నిబంధన చేసెను. అనగా మనము లోపమని తలంచు వయస్సునే అక్కడ అర్హతగా ఎంచిరి.

1865 మే మాసములో వాషింగ్టను నగరములో జరిగిన విజయ యాత్రలో తల్లి బికర్‌డైక్ సైనికులతో కూడ గుర్రముపై సాగెను. ఆ మీదట ఆమె విశ్రమించలేదు. కాన్సాస్‌లో మాజీ సైనికుల కుటుంబములను స్థిరపరచెను. 1874లో అక్కడ మిడుతలు పంటలను తినివేసినప్పుడు సహాయము సేకరించెను. తరువాత పింఛను రాని సైనికుల కొరకు అర్జీలు పెట్టుచు తిరిగెను. తనకు మాత్రము 1886లో, 69వ యేట, నెలకు 25 డాలర్ల పింఛను దొరికెను. 1901 నవంబరు 8వ తేదీన కాన్సాస్‌లో మరణించెను. ఆమెను గేల్స్‌బర్గ్‌కు తెచ్చి భర్త ప్రక్కన సమాధి చేసిరి. 1906లో ఆ ఊరిలో నిలిపిన విగ్రహములో, గాయపడిన సైనికునికి ఆమె నీళ్లు త్రాగించుచున్నది.

మేము రోగులను దర్శించునప్పుడు ఒక సంగతి గమనించుచుందుము. మంచము పట్టిన అత్తగారికి పదేండ్లు సేవచేసిన కోడలు, భర్త కడపటి దినములలో రాత్రులు మేలుకొనిన విధవరాలు, వీరికి తెలిసిన పని ఎంతో ఉన్నది. నేడు నర్సు కావలెనన్న క్రమమైన శిక్షణ, రిజిస్ట్రేషను తప్పనిసరి. అయినను ఆ శిక్షణకు వెళ్లగలవారిని వయస్సు పేరు చెప్పి మనమే ఆపరాదు. వెళ్లలేనివారికి సైతము రోగి ప్రక్కన చేయదగిన పని కొరత లేదు.

గేల్స్‌బర్గ్ సంఘము ఆ ఆదివారము ఉత్తరము విని కన్నీరు కార్చి ఇంటికి పోయియుండవచ్చును. అట్లు చేయలేదు. తమలో పని తెలిసిన స్త్రీ ఎవరో గుర్తించి, చేతికి సామగ్రి ఇచ్చి పంపిరి. మన వెనుక వరుసలలో కూర్చున్న అట్టి తల్లులు ఎవరో, వారి పేర్లయిన మనకు తెలియునో లేదో, మనలను మనమే అడుగుకొందము.