మూత్రాశయ కేన్సర్ మందు వెనుక మన సుబ్బారావు

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట గ్రామాల్లో మండుటెండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగే వారికి మూత్రనాళంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఎక్కువ. కోత లేకుండానే మూత్రమార్గం ద్వారా సన్నని గొట్టం పంపి, లేజర్ కిరణంతో ఆ రాయిని పొడిచేసే చికిత్స ఇప్పుడు ఉంది. మూత్రాశయంలోని చిన్న కణితులను సైతం లేజర్‌తో తొలగిస్తున్నారు. అయితే కేన్సర్ కండరంలోకి దిగితే లేజర్ ఒక్కటే చాలదు. పెద్ద ఆపరేషన్, మందులు అవసరమవుతాయి. ఆ మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ వెనుక డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఉంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించారు. దీనిపై ఇంగ్లీషు ప్రొఫెసర్ ఆగ్రహించగా, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు.

అనంతరం మామగారి ఆర్థిక సహాయంతో అమెరికా వెళ్లారు. గర్భిణి అయిన భార్యను విడిచి వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశానికి రాలేకపోయారు. అక్కడ వైద్యం చేసే అర్హత లేనందున బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రంచేసే పనికి కుదిరారు. ఆ పని చేస్తూనే హార్వర్డ్‌లో చదువు, పరిశోధన సాగించారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి లెక్కగట్టే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించారు. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దానిని అనుసరించాయి.

హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ పైన, ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకుని, కేన్సర్ కణాల పెరుగుదలను ఆపే మందులను రూపొందించింది. వాటిలోదే మెథోట్రెక్సేట్. 1948 ఆగస్టులో న్యూయార్కులో 53వ ఏట సుబ్బారావు కన్నుమూశారు.

ముదిరిన మూత్రాశయ కేన్సర్‌కు మెథోట్రెక్సేట్‌తో సహా నాలుగు మందులు కలిపి ఇచ్చే చికిత్సను 1985లో న్యూయార్కు వైద్యులే ప్రకటించారు. అది చూడటానికి ఆయన లేరు.

మందులు వచ్చినా వ్యాధిని తొలిదశలో గుర్తించడమే మేలు. నొప్పి లేకపోయినా మూత్రంలో రక్తం కనబడితే, వేడి చేసిందని ఊరుకోక వెంటనే వైద్యుని సంప్రదించాలి.