దోమను పట్టిచ్చిన డాక్టర్ ఫిన్లే

మలేరియా పాఠం చెప్పిన ప్రతిసారీ నేను సికింద్రాబాదు దగ్గర కాసేపు ఆగుతాను. 1897లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది మన బేగంపేటలోనే అంటే క్లాసంతా నిటారుగా కూర్చుంటుంది. కానీ అంతకు పదహారేళ్ల ముందే క్యూబా దీవిలో ఒక డాక్టరుగారు మరో జ్వరానికీ దోమకీ ముడి పెట్టారని నేను చాలా ఏళ్లు చెప్పనే లేదు. నాకే తెలియదు గనక! ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.

కార్లోస్ ఫిన్లే 1833 డిసెంబరు 3న క్యూబాలో పుట్టారు. తండ్రి స్కాట్లండు నుంచి వచ్చిన వైద్యుడు, తల్లి ఫ్రెంచి వనిత. చిన్నతనంలో వచ్చిన జబ్బువల్ల మాట తడబడేది. ఆ నత్తి పూర్తిగా పోనేలేదు. 1855లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యపట్టా పుచ్చుకుని, తర్వాత హవానాలో ప్రాక్టీసు పెట్టారు.

ఆ రోజుల్లో హవానాను పట్టి పీడిస్తున్నది పచ్చజ్వరం, అంటే ఎల్లో ఫీవర్. ఒళ్లు పచ్చబడి, నల్లటి వాంతులతో మనిషి కొద్దిరోజుల్లోనే పోయేవాడు. గాలి చెడిందనీ, రోగి పక్కబట్టల నుంచి అంటుకుందనీ అనుకునేవారు. ఫిన్లేగారు దోమను అనుమానించారు. అదీ ఏదో ఒక దోమ కాదు, ఇవాళ మనం ఈడిస్ ఈజిప్టై అంటున్న జాతినే పట్టి చూపారు. 1881 ఆగస్టు 14న హవానా అకాడమీలో ఆ వ్యాసం చదివారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఏడే ఫ్రెంచివారు పనామా కాలువ పని మొదలెట్టారు. పచ్చజ్వరానికీ, మలేరియాకూ అక్కడ దాదాపు 20,000 మంది బలయ్యారని అంచనా. 1889లో ఆ కంపెనీ చేతులెత్తేసింది.

భాషే అడ్డమయిందా అంటే, 1886లో ఆయన అమెరికా వైద్యపత్రికలో ఇంగ్లీషులోనే రాశారు. అయినా చెవికెక్కలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆయన ప్రయోగాల్లోనూ లోటుంది. డాక్టర్ క్లాడియో డెల్గాడోతో కలిసి వందమందికి పైగా దోమలచేత కుట్టించారు. కానీ రోగిని కుట్టిన దోమ పది పన్నెండు రోజులు గడిస్తేగానీ జబ్బు అంటించలేదన్న సంగతి ఆయనకు తెలియదు. అందుకే ఫలితం నిలకడగా రాలేదు. ఎవరైనా పూనుకుని ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూస్తే ఆ లోటు ముందే బయటపడేదేమో!

1900లో వాల్టర్ రీడ్ నాయకత్వాన అమెరికా సైనిక వైద్యుల సంఘం హవానా వచ్చింది. ఫిన్లేగారు మనసులో ఏమీ పెట్టుకోకుండా తాను సాకుతున్న దోమల గుడ్లు వాళ్ల చేతిలో పెట్టారు. సంఘంలోని జెస్సీ లజీర్ సెప్టెంబరులో ఆ జ్వరంతోనే చనిపోయారు. హెన్రీ కార్టర్ గమనించిన గడువును లెక్కలోకి తీసుకుని దోమలచేత కుట్టించేసరికి ఫిన్లేగారి మాట రుజువైంది. 1901లో గోర్గాస్ దోమల మీద దండెత్తితే కొద్ది నెలల్లోనే హవానా తేరుకుంది. పనామాలోనూ అదే పద్ధతి పాటించారు. 1914లో కాలువ తెరిచారు.

ఫిన్లేగారు 1902 నుంచి 1909 దాకా క్యూబా ఆరోగ్యశాఖకు పెద్దగా ఉండి, 1915 ఆగస్టులో కన్నుమూశారు. నోబెల్ బహుమతికి ఆయన పేరు పలుమార్లు వెళ్లింది గానీ బహుమతి రాలేదు.

విద్యార్థి మిత్రులారా, పంతొమ్మిదేళ్లు! మాట అచ్చులోనే ఉంది, జనం చస్తూనే ఉన్నారు. ఆ జాతి దోమే ఇవాళ మన పెరట్లో డెంగీ మోస్తోంది. డెంగీ మీద ప్రాజెక్టు రాసేటప్పుడు లండన్, న్యూయార్కు పత్రికల దగ్గరే ఆగకండి. జబ్బు పేరు పక్కన ఆ జబ్బున్న దేశం పేరు కూడా వేసి వెతకండి. లాటిన్ అమెరికా పత్రికలకు సైలో ఉంది. ఆఫ్రికా, ఆగ్నేయాసియా వగైరా ప్రాంతాల సూచికలను ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ ఇండెక్స్ మెడికస్‌లో ఒకచోట చేర్చింది. దొరికినదాన్ని గుడ్డిగా నమ్మమనడం లేదు. లోటు కనబడితే పక్కన పడెయ్యకుండా, అదేమిటో తేల్చండి.

ఈసారి నా మలేరియా పాఠం హవానాలో మొదలవుతుంది. సికింద్రాబాదు ఆ తర్వాతే.