పలికినట్టే రాయాలన్నారు: గిడుగు రామమూర్తి పంతులు జీవితం

పేట్ బషీరాబాద్ అనే పేరును మూడు భాషల్లో చదివి చూడండి. పీ, ఈ, టీ అని ఇంగ్లీషులో రాస్తే కొత్తవాళ్ళకు పెంపుడు కుక్కపిల్ల గుర్తొస్తుంది. పేట్ అంటే ఉర్దూలో కడుపు. తెలుగులో మాత్రం పేట అంటే పేటే, నలుగురు కాపురం ఉండే చోటు. మేడ్చల్ రోడ్డు పక్కన పుట్టి పెరిగిన పిల్లలకు ఈ గొడవ తెలియదు. అమ్మానాన్నల నోట విని పేరు నేర్చుకుంటారు, అక్షరాలు ఆ తర్వాత వస్తాయి. చిక్కంతా బడికి వెళ్ళాకే మొదలవుతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగుతో ఇక్కడి పిల్లలు పడే పాట్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నవే. నైఫ్ అనే మాటకు ముందు పలకని కె ఎందుకు? టఫ్, దో, త్రూ అనే మూడు మాటల చివర అవే నాలుగు అక్షరాలు ఉన్నా మూడు రకాలుగా ఎందుకు పలకాలి? ఇంగ్లీషువాళ్ళలో కూడా ఈ ప్రశ్నలు అడిగినవాళ్ళున్నారు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలను సులువైన స్పెల్లింగుతో అచ్చు వేయమని ప్రభుత్వ ముద్రణాలయానికి హుకుం ఇచ్చారు. అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు, పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ ఏడాది గడవకముందే ఆయన వెనక్కి తగ్గారు. బెర్నార్డ్ షా ఇంగ్లీషుకు కొత్త అక్షరమాల తయారు చేయించాలని తన వీలునామాలో డబ్బు కేటాయించారు. అక్షరాలైతే తయారయ్యాయి, వాడేవాళ్ళే లేకపోయారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగులోనూ ఇలాంటి గొడవ మొదలైంది. ఇక్కడ అది గెలిచింది. గెలిపించినవారిలో ముందు నిలబడ్డ మనిషి ఒక బడిపంతులు, పేరు గిడుగు వెంకట రామమూర్తి.

ముప్పై రూపాయల కొలువు

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే ఊళ్ళో పుట్టారు. అది ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. తండ్రి వీర్రాజు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మ. రామమూర్తికి పన్నెండేళ్ళప్పుడు, 1875లో, తండ్రి జ్వరంతో చనిపోయారు. మేనమామ ఇంట్లో ఉండి విశాఖపట్నంలో చదువుకున్నారు. మెట్రిక్ పాసయ్యాక 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. నెలకు 30 రూపాయల జీతం.

కాలేజీలో కూర్చుని పై చదువులు చదివే వీలు ఆయనకు లేదు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పరీక్షలు రాసి బి.ఎ. పూర్తి చేశారు. చరిత్ర అంటే ఇష్టం. శ్రీముఖలింగం గుళ్ళోని శాసనాల్లో ఏముందో తెలుసుకోవాలని పాత లిపులు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. వందల ఏళ్ళ కిందటి తెలుగువాళ్ళు రాళ్ళ మీద ఏం చెక్కారో స్వయంగా చదవగలిగిన ఆ విద్య తర్వాతి వాదాల్లో ఆయనకు బాగా పనికొచ్చింది.

సవరల కోసం పోయిన చెవులు

పర్లాకిమిడి చుట్టూ కొండలు, అడవులు. అక్కడ సవరలనే ఆదివాసీలు ఉండేవారు. సంతకు వచ్చేవారు, పోయేవారు. వాళ్ళ భాష తెలుగుకు గానీ ఒడియాకు గానీ దగ్గరిది కాదు. బడి లేదు, పుస్తకం లేదు, రాసుకోవడానికి లిపి కూడా లేదు. వాళ్ళకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట నేర్చుకోవాలని రామమూర్తి అనుకున్నారు. సవర మాట్లాడగల ఒక దళితుణ్ణి గురువుగా పెట్టుకుని ఇంట్లోనే కూర్చుని నేర్చుకున్నారు. ఒక బ్రాహ్మణ పంతులు ఆ రోజుల్లో అలా చేయడం మామూలు విషయం కాదు.

ఆ తర్వాత సవర భాషలో పాఠాలు, కథలు, పాటలు సేకరించి పుస్తకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్ళకు జీతాలు ఇచ్చారు. ఆ సేవకు మెచ్చి 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దన్నారు. ఆ సొమ్ముతో సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పే బడి పెట్టమని కోరారు.

ఈ పనికి ఆయన పెద్ద ధరే చెల్లించారు. మన్యంలో మలేరియా ఎక్కువ. అడవుల్లో తిరిగి తిరిగి జ్వరం తెచ్చుకునేవారు, దానికి క్వినైన్ మింగేవారు. ఆ మందు ఎక్కువై చెవులు దెబ్బతిన్నాయి. ఇక జీవితాంతం చెముడు ఉండిపోయింది. నోటి మాటే భాషకు అసలు ప్రమాణమని వాదించిన మనిషికి ఎదుటివాళ్ళ మాట సరిగా వినిపించని పరిస్థితి వచ్చింది. అయినా పని ఆపలేదు. సవర భాషకు ఇంగ్లీషులో ఆయన రాసిన వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో సవర ఉచ్చారణ పూర్తిగా పలకదని ప్రత్యేక గుర్తులు వాడారు. వ్యాకరణం అట్ట మీద సోరా అన్న పేరులో కూడా దీర్ఘం తెలియడానికి అచ్చు పక్కన రెండు చుక్కలు పెట్టారు.

పలకని సున్నకు మార్కులు

1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర సర్కారు జిల్లాల బడుల తనిఖీ చూసేవారు. ఆయనకు తెలుగు నేర్చుకోవాలని ఉండేది. అయితే బజార్లో జనం మాట్లాడే తెలుగు వేరు, బడి పుస్తకంలో తెలుగు వేరు. ఎందుకిలా అని ఆయన అడిగిన ప్రశ్న గురజాడ అప్పారావును, రామమూర్తిని ఆలోచనలో పడేసింది. విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ కూడా వాళ్ళతో కలిశారు. వాడుక భాష ఉద్యమానికి ఆ నలుగురే పునాది.

తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల్లా మోసం చేయవు. ఏది రాస్తే అదే పలుకుతాం. మరి ఇక్కడ గొడవ ఎందుకొచ్చింది? 19వ శతాబ్దంలో చిన్నయసూరి రాసిన వ్యాకరణం పాత కావ్యాల భాషను ప్రమాణంగా తీసుకుంది. బడుల్లో అదే నిలబడిపోయింది. పిల్లాడు ఇంట్లో వస్తున్నాడు అంటాడు, పరీక్షలో వచ్చుచున్నాఁడు అని రాయాలి. చేశాడు అనే మాట చేసెను అయిపోవాలి, పుస్తకం కాస్తా పుస్తకము కావాలి. వాఁడు అనే మాటలో అరసున్న ఉండాల్సిందే. ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే శబ్దం ఉండేది, అది జనం నోట పోయి వందల ఏళ్ళయింది. చెఱువు అనే మాటలో బండి ఱ సంగతీ అంతే. మామూలు ర పెట్టి రాస్తే తప్పు. నైఫ్‌లో కె ఎలాంటిదో అరసున్న అలాంటిదే. ఎక్కడ పెట్టాలో చెవికి తెలియదు, బట్టీ పట్టాల్సిందే.

తేదీ వేసే తారీఖు, ప్రశ్నకు చెప్పే జవాబు, సరుకు కొనే దుకాణం, ఉత్తరం రాసే కాగితం లాంటి మాటలు అరబ్బీ, ఫార్సీ నుంచి తెలుగు జనం నోట్లోకి ఎప్పుడో వచ్చి చేరాయి. వ్యాకరణం వీటిని అన్యదేశ్యాలు అనే గంపలో వేసింది. గ్రాంథికం రాసేవాళ్ళు వీటిని వీలైనంత దూరం పెట్టేవారు. వాడుక భాష పుస్తకంలోకి వస్తే ఈ మాటలూ దానితో పాటు లోపలికి వస్తాయి. ముస్లింల ఇళ్ళకు ఈ గొడవతో ఉన్న సంబంధం ఇదే.

రామమూర్తి, శ్రీనివాస అయ్యంగార్ లాంటివాళ్ళ ప్రయత్నంతో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలో రాయవచ్చని మొదట అనుమతి వచ్చింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథికం తరఫున నిలబడింది. వాళ్ళ భయంలో కొంత న్యాయం కూడా ఉంది. ఎవరు మాట్లాడినట్టు వాళ్ళు రాస్తే ఒక జిల్లా పుస్తకం ఇంకో జిల్లావాళ్ళకు అర్థం కాదని, పిల్లలు పాత కావ్యాలకు దూరమైపోతారని వాళ్ళు అనేవారు. కమిటీలు కూర్చున్నాయి. గురజాడ 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. అయినా పండితుల మాటే చెల్లింది. ఇచ్చిన అనుమతి పోయింది. 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు.

సంచిలో పాత పుస్తకాలు

రామమూర్తి 1911లోనే ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఇక తెలుగు జిల్లాలన్నీ తిరగడమే పని. సభకు వెళ్ళేటప్పుడు పాత పుస్తకాలు వెంట తీసుకుని వెళ్ళేవారు. వాడుక రూపాలు తప్పు అన్నవాళ్ళకు, పాత కవుల్లోనూ శాసనాల్లోనూ అవే రూపాలు ఎక్కడున్నాయో చూపించేవారు. ఇంకో పని కూడా చేశారు. గ్రాంథికం కోసం పట్టుబట్టిన పండితులు స్వయంగా రాసిన పుస్తకాలు తీసి, వాళ్ళ నియమాల ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో లెక్క చెప్పారు. పండితులకే పట్టుబడని భాషను పదేళ్ళ పిల్లల నెత్తిన ఎలా పెడతారన్నది ఆయన వాదం.

ఆయన మాట్లాడింది భావావేశంతో కాదు. ఇంగ్లండుకు చెందిన హెన్రీ స్వీట్, డెన్మార్క్‌కు చెందిన ఒట్టో యెస్పర్సన్ లాంటి భాషాశాస్త్రవేత్తలను చదువుకున్నారు. స్వీట్ ఇంగ్లీషు స్పెల్లింగును ఉచ్చారణకు దగ్గర చేయాలని కోరినవారిలో ఒకరు. లండన్‌లో సాగని వాదం పర్లాకిమిడి పంతులు చేతిలో తెలుగుకు పనికొచ్చింది.

1919లో వాడుక భాష కోసం రాజమండ్రిలో ఒక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులు, రామమూర్తి కార్యదర్శి. గ్రాంథికంలో ఎన్నో పుస్తకాలు రాసిన వీరేశలింగం ఈ వైపు రావడం పెద్ద బలం. కానీ కొద్ది నెలల్లోనే ఆయన చనిపోయారు. అదే ఏడు రామమూర్తి తెలుగు అనే పేరుతో పత్రిక పెట్టారు, ఎక్కువ కాలం నడవలేదు. అయినా 1924 నాటికి సాహిత్య పరిషత్తే వాడుక భాష మీద నిషేధం తీసేసింది.

హైదరాబాదులో అదే కాలంలో ఇంకో ప్రయోగం నడిచింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ పై చదువులను ఉర్దూలో చెప్పడం మొదలుపెట్టింది. మన దేశభాషలో డాక్టరీ, ఇంజనీరింగ్ చెప్పడం సాధ్యమేనని అది చూపించింది. అదే సంస్థానంలో ఎక్కువ మంది ఇంటి భాష తెలుగు. వాళ్ళ పిల్లలకు మాత్రం ఆ సౌకర్యం లేదు. భాష విషయంలో ఒకరికి దొరికిన న్యాయం పక్కవాళ్ళకు అందకపోవడం అన్ని చోట్లా జరిగింది.

ఊరు విడిచిన రోజు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరిని అలా కలపడం రామమూర్తికి ఇష్టం లేదు. అర్ధ శతాబ్దానికి పైగా బతికిన ఊరిని డెబ్బై దాటిన వయసులో వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు, కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ ఇచ్చింది. ఆయనకు మాత్రం బడి పుస్తకాల బెంగ తీరలేదు. పత్రికలు, కథలు వాడుక భాషలోకి వస్తున్నాయి గానీ పిల్లల పాఠాలు, సర్కారు కాగితాలు ఇంకా గ్రాంథికంలోనే ఉన్నాయి. 1940 జనవరిలో మద్రాసులో పత్రికల వాళ్ళతో చివరిసారి మాట్లాడినప్పుడు కూడా ఆయన గుర్తుచేసింది ఆ సంగతే. వారం రోజులకే, జనవరి 22న, కన్నుమూశారు. బడి పుస్తకాల్లో గ్రాంథికం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు కొనసాగింది.

ఇప్పుడు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుతున్నారు. నమాజు వేళల బోర్డు నుంచి పెళ్ళి కార్డు వరకు ముస్లిం ఇళ్ళలో తెలుగు చదవగలుగుతున్నారంటే, అరసున్న కోసం భయపడకుండా పిల్లలు పరీక్ష రాస్తున్నారంటే, అందులో ఆయన చాకిరీ ఉంది.

అయితే మిగిలిన పని కూడా ఉంది. రామమూర్తి ప్రమాణంగా తీసుకున్నది చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు. ఆచరణలో అది ఎక్కువగా కోస్తా జిల్లాల తెలుగైంది. తెలంగాణ పిల్లాడు వస్తుండు అంటే చాలా ఏళ్ళ పాటు సినిమాల్లో నవ్వులాటే. కాళోజీ జీవితమంతా ఈ తేడా గురించే మాట్లాడారు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినంగా జరపడం 2014లో మొదలైంది. ఉర్దూలోనూ ఇదే కథ. ఇంట్లో నక్కో, హౌ అని దక్కనీ మాట్లాడే పిల్లను పుస్తకాల ఉర్దూ వచ్చినవాళ్ళు తప్పు పడతారు.

పేట్ బషీరాబాద్‌లో ఒక్కో పిల్లాడు ఇంట్లో దక్కనీ, గల్లీలో తెలంగాణ తెలుగు, బడిలో ఇంగ్లీషు, మదర్సాలో అరబ్బీ అక్షరాలు మోస్తున్నాడు. నాలుగూ నేర్చుకోగలడు, పిల్లల బుర్రకు అంత బలం ఉంది. ఇంటి మాటే తప్పు అని పెద్దవాళ్ళు అన్న రోజున మాత్రం వాడు నోరు మూసుకుంటాడు. వాడికి ఏది రాయాలో నేర్పే ముందు వాడేం పలుకుతున్నాడో వినాలి. పర్లాకిమిడి పంతులు తన చెవులు పోయేదాకా చేసిన పని అదే.