సముద్రాన్ని కలిసి ఏలుకునేవారికి రామారెడ్డి ఊరి అభినందన

మా రామారెడ్డి ఊరికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా కెనడా పడమటి తీరాన సాగిన ఒక మంచి పనికి ఇక్కడి నుంచి అభినందన పంపకుండా ఉండలేను. బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం, హైడా, హైల్ట్సుక్, నుహాల్క్ వంటి ఆదివాసీ జాతులు ఒకే బల్ల దగ్గర కూర్చొని తమ ఉత్తర తీర సముద్రానికి ప్రణాళికలు రాసుకున్నాయి. 2011లో చేతులు కలిపారు, 2015లో ప్రణాళికలు పూర్తిచేశారు. వాటికి పదేళ్ళు నిండాయి.

లక్ష చదరపు కిలోమీటర్లు దాటిన జలాలవి, ఇంచుమించు మన తెలంగాణ అంత. ఎక్కడ కాపాడాలి, ఎక్కడ ఏ పని చేసుకోవచ్చు అన్నది ఆ జలాలను నాలుగు భాగాలు చేసి తేల్చుకున్నారు. చేపల వేట, ఓడల రాకపోకలు కెనడా కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఆ కేంద్రమేమో అప్పుడు ఈ ఒప్పందంలో లేదు. అది పెద్ద లోటే. అయినా వీళ్ళు ఆగలేదు. 2023లో సముద్ర రక్షిత ప్రాంతాల ప్రణాళికకు కేంద్రం కూడా వాళ్ళతో కలిసి ఆమోదం తెలిపింది.

నన్ను అన్నిటికంటే కదిలించింది అంతకు ముందటి ముచ్చట. 1993లో అదే తీరంలోని గ్వాయి హానస్ దీవుల మీద హైడా జాతికీ కెనడాకూ ఒప్పందం కుదిరింది. ఈ నేల మాదంటే మాదని ఇద్దరూ తమ తమ మాటను అదే పత్రంలో పక్కపక్కనే రాసుకున్నారు. అప్పటికి తగాదా తీరలేదు. తీరే దాకా దీవులను కలిసి కాపాడదామని మాత్రం ఒప్పుకొని, ఇరువైపులా సమాన సంఖ్యలో సభ్యులున్న బోర్డు పెట్టుకున్నారు. ఇంత పెద్దమనసున్న ప్రభుత్వ పత్రం నా ఎరుకలో మరొకటి లేదు.

ఆ 2015లోనే, మార్చి 12న, మా పక్కనున్న సదాశివనగర్ పాత చెరువు దగ్గర చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైంది. చెరువుల్లో పూడిక తీశారు, మరుసటి ఏడు నుంచి ఉచితంగా చేప పిల్లలూ వదిలారు. సంతోషమే. కానీ యాసంగికి తూము ఎంత తెరవాలి, ఎండాకాలం చేప బతకడానికి ఎన్ని నీళ్ళు మిగలాలి? ఆ లెక్క వేసేటప్పుడు రైతు పక్కనే చేపలు పట్టే గంగపుత్రుడికీ, ముదిరాజ్‌కూ చోటుండాలి. గుంత ఎక్కడ లోతో, మత్తడి దుంకితే చేప ఎటు ఎదురెక్కుతుందో వాళ్ళకే తెలుసు. పులికాట్ సరస్సులో మత్స్యకారులు వల వేసే చోట్లను ‘పాడు’ కట్టుబాటుతో వంతులుగా పంచుకుంటారు. నీటిని పంచుకునే తెలివి మన పల్లెల్లో ఎన్నడూ కరువు లేదు. దాన్ని సర్కారు పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. కెనడా తీరం చేసి చూపింది అదే.

హైడా, హైల్ట్సుక్, నుహాల్క్ పెద్దలకూ, పడవల మీద తీరాన్ని కనిపెట్టుకొని తిరిగే వారి కాపలాదారులకూ, సంతకాలు పెట్టిన బ్రిటిష్ కొలంబియా అధికారులకూ మా చెరువు కట్ట మీది నుంచి దండాలు, పదేళ్ళ పండుగ శుభాకాంక్షలు.