బ్రహ్మ ప్రకాశ్

బ్రహ్మ ప్రకాశ్ (1912 ఆగస్టు 21 - 1984 జనవరి 3) ప్రముఖ భారతీయ లోహశాస్త్రవేత్త. అణు రియాక్టర్లకు అవసరమైన యురేనియం, జిర్కోనియంలను స్వదేశంలోనే తయారుచేసే పద్ధతులను రూపొందించడంలో ప్రధాన పాత్ర వహించాడు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మిశ్ర ధాతు నిగమ్ సంస్థల ఆవిర్భావం వెనుక ఈయన కృషి ఉంది.

విద్య, ఉద్యోగం

బ్రహ్మ ప్రకాశ్ లాహోరులో జన్మించాడు. రసాయనశాస్త్రం అభ్యసించి, శాంతి స్వరూప్ భట్నాగర్ పర్యవేక్షణలో పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు. అనంతరం అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లోహశాస్త్రంలో మరొక డాక్టరేటు సాధించాడు. స్వదేశానికి తిరిగివచ్చి హోమీ భాభా నాయకత్వంలోని అణుశక్తి కార్యక్రమంలో చేరాడు. 1951 నుండి 1957 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో లోహశాస్త్ర శాఖకు అధిపతిగా పనిచేశాడు. ఆ పదవిని నిర్వహించిన మొదటి భారతీయుడు ఈయనే. తరువాత ట్రాంబేకు వచ్చి అక్కడి లోహశాస్త్ర విభాగానికి సారథ్యం వహించాడు. అణు రియాక్టరుకు తగినంత శుద్ధమైన యురేనియం లోహం 1959 జనవరిలో మొదటిసారిగా ట్రాంబేలో తయారయింది.

ఇసుక నుండి లోహం

జిర్కోనియం న్యూట్రాన్లను చాలా తక్కువగా పీల్చుకుంటుంది, వేడినీటిలో సులభంగా తుప్పు పట్టదు. అందువలన ఇంధనాన్ని ఉంచే గొట్టాలను దీని మిశ్రమలోహంతో చేస్తారు. ముడిసరుకైన జిర్కాన్ ఇసుక కేరళ, తమిళనాడు తీరాలలోను, ఆంధ్ర ప్రదేశ్‌లో భీమునిపట్నం వంటి చోట్ల కూడా లభిస్తుంది. కాని ఆ ఇసుకలో జిర్కోనియంతో పాటు రెండు మూడు శాతం దాకా హాఫ్నియం కూడా ఉంటుంది. రసాయన గుణాలలో ఈ రెండు లోహాలు కవలపిల్లల వంటివి. అయితే హాఫ్నియం న్యూట్రాన్లను జిర్కోనియం కంటే సుమారు 600 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. కనుక దానిని పూర్తిగా తొలగించకపోతే గొట్టం పనికిరాదు.

బ్రహ్మ ప్రకాశ్ మార్గదర్శకత్వంలో ట్రాంబే శాస్త్రవేత్తలు ఈ చిక్కును ఛేదించారు. ఇసుకను కాస్టిక్ సోడాతో కరిగించి, నత్రికామ్లంలో కలిపి, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటు అనే ద్రావణి ద్వారా జిర్కోనియాన్ని వేరుచేస్తారు. హాఫ్నియం ఆమ్లంలోనే మిగిలిపోతుంది. అమ్మోనియాతో అవక్షేపించి కాల్చగా తెల్లని ఆక్సైడు, అంటే జిర్కోనియా, వస్తుంది. దానిని క్లోరైడుగా మార్చి మెగ్నీషియంతో క్షయకరిస్తే స్పాంజివంటి లోహం లభిస్తుంది.

మధ్య దశలో వచ్చే ఈ జిర్కోనియా కూడా విలువైన పింగాణీ పదార్థమే. శుద్ధ జిర్కోనియాను అధిక ఉష్ణోగ్రతలో కాల్చి చల్లారిస్తే, దాని స్ఫటికాలు రూపం మార్చుకుని నాలుగైదు శాతం ఉబ్బి, వస్తువు బీటలు వారుతుంది. దీనిని నివారించడానికి యిట్రియా, కాల్షియా, మెగ్నీషియా వంటి స్థిరీకారకాలను కలుపుతారు. మూడు మోల్ శాతం యిట్రియా కలిపితే పగుళ్ళను అడ్డుకునే గట్టి పింగాణీ వస్తుంది. ఎనిమిది శాతం కలిపితే బలం తగ్గినా, వేడిలో ఆక్సిజన్ అయానులను ప్రసరింపజేసే గుణం పెరుగుతుంది. పొడిని కరగనీయకుండా కాల్చి గట్టిపరచే పద్ధతిని సింటరింగ్ అంటారు. వేడి చాలకపోతే రంధ్రాలు మిగులుతాయి. మరీ ఎక్కువైతే రేణువులు పెద్దవై, తేమ తగిలే చోట వస్తువు కాలక్రమేణా బలహీనపడుతుంది.

హైదరాబాదు

రియాక్టరు ఇంధనమైన యురేనియం డయాక్సైడు గుళికల తయారీకి కూడా ఈ కాల్పే కీలకం. అచ్చువేసిన గుళికలను హైడ్రోజన్ వాతావరణంలో సుమారు 1700 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు. సాంద్రత తగ్గితే గుళిక వేడిని సరిగా వెలువరించలేదు. ఇసుక నుండి గొట్టం దాకా, యురేనియం ముడిపదార్థం నుండి గుళిక దాకా అన్నీ ఒకే ఆవరణలో చేయడానికి 1971లో హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ స్థాపించబడింది. దీని రూపకల్పనలో బ్రహ్మ ప్రకాశ్‌ది ప్రముఖ పాత్ర. సంస్థ అవసరం త్వరలోనే తెలియవచ్చింది. 1974లో పోఖ్రాన్ అణుపరీక్ష తరువాత కెనడా సహకారం నిలిపివేసింది. అయినా హైదరాబాదులో తయారైన ఇంధనంతో రాజస్థాన్ రియాక్టర్లు నడిచాయి. 1973లో కంచన్‌బాగ్‌లో మిశ్ర ధాతు నిగమ్ ఏర్పడింది. ప్రత్యేక ఉక్కు, టైటానియం మిశ్రమాల తయారీ దీని పని.

అంతరిక్ష పరిశోధన

విక్రమ్ సారాభాయ్ మరణానంతరం, 1972లో, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి మొదటి డైరెక్టరయ్యాడు. లోహాల మనిషికి రాకెట్లు అప్పగించడం ఒకింత వింతగానే కనిపిస్తుంది, కాని రాకెట్టు సమస్యలలో అనేకం పదార్థాలవే. 1979 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఈయన హయాంలో రూపుదిద్దుకున్న ఎస్.ఎల్.వి-3, ఏ.పి.జె.అబ్దుల్ కలాం నేతృత్వంలో, 1979 ఆగస్టులో విఫలమై, 1980 జూలై 18న విజయవంతమైంది.

పురస్కారాలు

1961లో పద్మశ్రీ, 1963లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1968లో పద్మభూషణ్ పొందాడు. మిశ్ర ధాతు నిగమ్ ఆవరణలోని డి.ఎ.వి. పాఠశాలకు ఈయన పేరు పెట్టారు.